ప్రాసెసర్ రీడింగు తప్పుగా కనిపిస్తే: అంకెను నమ్మే ముందు ఏం చూడాలి

ప్రాసెసర్ వేగాన్ని, వేడిని, వోల్టేజీని చూపించే, మార్చే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ తెర మీద వరుసగా కనిపించే అంకెలన్నీ ఒకే కోవకు చెందవు. వాటిలో కొన్ని సెన్సర్ కొలిచినవి, కొన్ని ఆ సాఫ్ట్‌వేరే రెండు మూడు విలువలను కలిపి లెక్కకట్టినవి, మరికొన్ని ప్రాసెసర్ మదర్‌బోర్డును అడిగినవి మాత్రమే, అంటే ఇంకా అందనివి. మూడింటినీ ఒకే పట్టికలో, ఒకే అక్షరాల్లో చూపిస్తారు గనుక అన్నీ కొలతలే అనుకుంటాం. రీడింగు మీద అనుమానం వచ్చినప్పుడు ముందుగా తేల్చుకోవలసినది ఆ అంకె ఏ కోవకు చెందినదన్నది. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్‌ను మార్చడమా, సెట్టింగును మార్చడమా, లేక అంకె చెబుతున్నది నిజమేనని ఒప్పుకోవడమా అన్న ప్రశ్న వస్తుంది. ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11 కంప్యూటర్లకు సంబంధించినది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో, సీపీయూ-జెడ్, థ్రాటిల్‌స్టాప్, రైజెన్ మాస్టర్, ఇంటెల్ ఎక్స్‌ట్రీమ్ ట్యూనింగ్ యుటిలిటీ వంటివి వాడేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదట చేయవలసినవి

తప్పుగా తోచిన రీడింగును ముందు ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే రీస్టార్ట్ చేశాక అది మాయమైతే పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. తర్వాత సెన్సర్లను చదివే ప్రోగ్రాములలో ఒక్కటి మాత్రం ఉంచి మిగిలినవన్నీ మూసేయాలి. మదర్‌బోర్డుతో వచ్చిన ఫ్యాన్ల సాఫ్ట్‌వేర్, రంగు దీపాల సాఫ్ట్‌వేర్, ఆటల మీద అంకెలు చూపే ఓవర్‌లే కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మదర్‌బోర్డు మీద ఉష్ణోగ్రతలు, వోల్టేజీలు, ఫ్యాను వేగం కొలిచే చిప్పును రెండు ప్రోగ్రాములు ఒకేసారి ప్రశ్నిస్తే ఒకరికి వెళ్ళవలసిన జవాబు ఇంకొకరి ప్రశ్నతో కలగాపులగమవుతుంది. మంచి ప్రోగ్రాములు ఒకదానికొకటి వంతు ఇచ్చుకుంటాయి, కానీ అన్నీ ఆ మర్యాద పాటించవు. ఒక్క క్షణం మెరిసి మాయమయ్యే 127 డిగ్రీల ఉష్ణోగ్రత, సున్నాకు పడి లేచే ఫ్యాను వేగం చాలాసార్లు ఇలా పుట్టినవే.

ఆ పైన కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి. షట్‌డౌన్ చేసి మళ్ళీ వేస్తే చాలదు, ఎందుకంటే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ తర్వాత కూడా విండోస్ కెర్నల్, డ్రైవర్లు డిస్కులో దాచుకున్న పాత స్థితి నుంచే లేస్తాయి. రీస్టార్ట్‌తోనే అవి కొత్తగా మొదలవుతాయి. చివరగా సాఫ్ట్‌వేర్ వెర్షన్ ప్రాసెసర్ కంటే కొత్తదో కాదో చూడాలి. 2021 నవంబరులో వచ్చిన ఇంటెల్ 12వ తరం కోర్ ఐ9-12900కె లో 8 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు, మొత్తం 24 థ్రెడ్లు ఉంటాయి. రెండు రకాల కోర్లు ఒకే చిప్పులో ఉండవచ్చునని ఊహించని పాత ప్రోగ్రాము ఆ లెక్కను సరిగా చూపించలేదు. పేరే తప్పుగా చూపుతున్న ప్రోగ్రాము చెప్పే వోల్టేజీ గురించి తలపట్టుకోవడం అనవసరం.

వేగం: గుణకారంలో దొర్లే తప్పులు

గిగాహెర్ట్జ్‌లలో కనిపించే వేగం నేరుగా కొలిచినది కాదు. బేస్ క్లాక్‌ను మల్టిప్లయర్‌తో గుణిస్తే వచ్చేది. బేస్ క్లాక్ అంటే మదర్‌బోర్డు ఇచ్చే మూల వేగం, సాధారణంగా 100 మెగాహెర్ట్జ్ ఉంటుంది. మల్టిప్లయర్ 40 అయితే వేగం 4000 మెగాహెర్ట్జ్. మల్టిప్లయర్‌ను ప్రాసెసర్ రిజిస్టర్ నుంచి చదువుతారు గనుక అందులో తప్పు అరుదు. తప్పు దొర్లేది బేస్ క్లాక్‌లో. సీపీయూ-జెడ్‌లో అది 99.77 అని, వేగం 3990.8 అని కనిపిస్తే కంగారు పడవలసిన పనిలేదు: విద్యుదయస్కాంత రొదను తగ్గించడానికి మదర్‌బోర్డు క్లాక్‌ను కాస్త కిందికి ఊపుతూ ఉంటుంది, దాన్నే బయోస్‌లో (విండోస్ మొదలయ్యే ముందే తెరుచుకునే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో) స్ప్రెడ్ స్పెక్ట్రమ్ అంటారు. అర శాతం లోపు తరుగు దాని సహజ లక్షణం.

బేస్ క్లాక్ వంద దగ్గర నిలవకుండా పైకీ కిందికీ ఊగుతుంటే, దాంతోపాటు అన్ని కోర్ల వేగం ఒకే నిష్పత్తిలో ఊగుతుంటే, కారణం వేరే చోట ఉంటుంది. విండోస్ 11 లో మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ ఆన్‌లో ఉన్నా, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడపనిచ్చే హైపర్-వీ ఆన్‌లో ఉన్నా విండోస్ తానే హైపర్‌వైజర్ అనే మరో పొర మీద నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ కాలాన్ని కొలవడానికి వాడే కౌంటర్లకూ ప్రాసెసర్‌కూ మధ్య అది నిలబడడం వల్ల ఆ కొలతతో కట్టిన బేస్ క్లాక్ లెక్క చెదురుతుంది. నిర్ధారించుకోవడానికి స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, కిందికి జరిపి, వర్చువలైజేషన్ ఆధారిత సెక్యూరిటీ అన్న వరుసలో 'రన్నింగ్' అని ఉందేమో చూడాలి. ఉంటే, ఊగే అంకె కొలతలోని దోషమే తప్ప ప్రాసెసర్‌లోనిది కాదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. కేవలం అంకె అందంగా కనిపించడం కోసం ఆ రక్షణను తీసేయడం నాకు సమ్మతం కాదు. బేస్ క్లాక్‌ను పదే పదే కొలవకుండా ఆపే ఎంపిక హెచ్‌డబ్ల్యూఇన్ఫో సెట్టింగుల్లో ఉంది, దానితో సరిపెట్టుకోవచ్చు.

కాలం లెక్క తప్పితే వేగం లెక్క ఎంత దూరం తప్పుతుందో ఓవర్‌క్లాకర్లు, అంటే ప్రాసెసర్‌ను నిర్ణీత వేగాన్ని మించి నడిపేవారు, 2013 లోనే చూశారు. విండోస్ 8 నడుస్తుండగానే బేస్ క్లాక్‌ను మారిస్తే విండోస్ గడియారమే నిజమైన కాలంతో సంబంధం తెగి నడిచేది. బెంచ్‌మార్క్ (వేగాన్ని పరీక్షించి స్కోరు ఇచ్చే ప్రోగ్రాము) పరుగు కాలాన్ని ఆ గడియారంతోనే లెక్కించేవారు గనుక ప్రాసెసర్ వేగం పెరగకుండానే స్కోరు పెరిగేది. ఆ ఏడాది ఆగస్టులో, ఓవర్‌క్లాకర్ల స్కోర్లను నమోదు చేసే హెచ్‌డబ్ల్యూబాట్ సంస్థ విండోస్ 8 మీద తీసిన ఫలితాలను అంగీకరించడం ఆపేసింది. ఈ రకం అనుమానం తీర్చుకోవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. కంప్యూటర్‌లో స్టాప్‌వాచ్, ఫోనులో స్టాప్‌వాచ్ ఒకేసారి మొదలుపెట్టి పది నిమిషాల తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. వేలు నొక్కడంలో వచ్చే అర సెకను తేడా సహజం, పది సెకన్ల తేడా సహజం కాదు.

ఖాళీగా ఉన్న కంప్యూటర్‌లో కూడా వేగం గరిష్ఠంగా కనబడుతోందన్న ఫిర్యాదు చాలామందిది. ఇక్కడ చూడడమే చూడబడేదాన్ని మారుస్తుంది. కోర్ వేగాన్ని చదవాలంటే ఆ కోర్ మీద చిన్న పని నడపాలి, ఆ పని నిద్రపోతున్న కోర్‌ను లేపుతుంది, లేచిన కోర్ పూర్తి వేగంతో లేస్తుంది, ఆ క్షణంలోనే మనం అంకె నమోదు చేసుకుంటాం. 2019 లో ఏఎండీ రైజెన్ 3000 వచ్చిన కొత్తలో ఖాళీగా ఉన్నా 1.4 వోల్టుల పైన చూపుతోందని ఎందరో హడలిపోవడానికి ముఖ్యకారణం ఇదే. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ అనే వరుసలు వేరుగా ఉంటాయి. కోర్ నిద్రలో గడిపిన సమయాన్ని కూడా కలిపి, ప్రాసెసర్ లోపలి కౌంటర్ల సాయంతో కట్టిన సగటు అది. ఖాళీ సమయంలో అక్కడ 30 మెగాహెర్ట్జ్ అని కనిపించినా అది తప్పు కాదు, కోర్ హాయిగా నిద్రపోతోందని అర్థం. రీడింగుల మధ్య విరామం రెండు సెకన్లకు తక్కువ పెట్టకపోవడం, హెచ్‌డబ్ల్యూఇన్ఫో సెట్టింగుల్లో స్నాప్‌షాట్ సీపీయూ పోలింగ్ ఆన్ చేయడం ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గిస్తాయి.

ఇదే ఎఫెక్టివ్ క్లాక్‌కు వోల్టేజీ తగ్గించి వాడేవారి విషయంలో మరో ప్రయోజనం ఉంది, నా దృష్టిలో అదే అసలు ప్రయోజనం. రైజెన్ ప్రాసెసర్‌కు వోల్టేజీ చాలకపోతే అది కూలిపోయే బదులు క్లాక్ స్పందనలను సాగదీసుకుంటుంది. మామూలు వరుసలో 4.4 గిగాహెర్ట్జ్ అనే కనిపిస్తుంది, జరిగే పని మాత్రం తగ్గుతుంది. కోర్లన్నిటికీ పూర్తి పని అప్పగించి రెండు వరుసలూ పోల్చాలి. పది, ఇరవై మెగాహెర్ట్జ్ తేడా ఉంటే పట్టించుకోనవసరం లేదు. వందలలో తేడా ఉంటే, వేడి తగ్గి వేగం మాత్రం తగ్గలేదని మురిసిపోయిన ఆ సెట్టింగు నిజానికి వేగాన్ని తినేస్తోందన్నమాట.

అంకె నిజమే అయినప్పుడు

మా మేనల్లుడు గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఒక రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, ల్యాప్‌టాప్‌లో టాస్క్ మేనేజర్ 0.79 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయింది, సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తోంది" అన్నాడు. అప్పటికే విండోస్ రెండుసార్లు కొత్తగా వేశాడు, మూడు రకాల సాఫ్ట్‌వేర్‌లు మార్చి చూశాడు, అన్నీ 0.79 అనే అన్నాయి. మూడు వేర్వేరు ప్రోగ్రాములు ఒకే మాట చెబుతుంటే మనం వినాలి. వేడి ఎంత అని అడిగితే 46 డిగ్రీలు అన్నాడు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పర్ఫార్మెన్స్ లిమిట్ రీజన్స్ అన్న భాగాన్ని విప్పి చూడమంటే ప్రోక్‌హాట్ (ప్రాసెసర్ వేడెక్కిందన్న సంకేతం) ఎదురుగా 'యెస్' అని ఉంది. ఛార్జర్ పీకమన్నాను. పీకిన రెండు మూడు సెకన్లలో అంకె 3 గిగాహెర్ట్జ్ దాటింది. మళ్ళీ పెడితే మళ్ళీ 0.79. పాత ఛార్జర్ పాడై, నెల కిందట బజారులో చవకగా దొరికిన నకిలీ ఛార్జర్ కొన్నాడు. కొన్ని ల్యాప్‌టాప్‌లు తమ ఛార్జర్ ఎన్ని వాట్లదో అందులోని సన్నటి నడిమి పిన్ను ద్వారా తెలుసుకుంటాయి. ఆ సమాచారం అందకపోతే ఛార్జర్ మీద నమ్మకం లేక ప్రాసెసర్‌ను కట్టడి చేస్తాయి. ప్రాసెసర్ వేడెక్కకపోయినా, 'వేడెక్కింది' అనే సంకేతాన్నే మదర్‌బోర్డు బయటి నుంచి దానికి అందించి వేగం తగ్గిస్తుంది.

థ్రాటిల్‌స్టాప్‌లో బీడీ ప్రోక్‌హాట్ అన్న గడిలో టిక్ తీసేస్తే ఈ కట్టడి పోతుంది. ఇంటర్నెట్‌లో అందరూ చెప్పే చిట్కా అదే. నేను వాడికి చెప్పలేదు, ఎందుకంటే ఆ సంకేతం ఛార్జర్ కోసం మాత్రమే కాదు, మదర్‌బోర్డు మీద వోల్టేజీ నియంత్రించే భాగాలు కాలిపోయే స్థితికి వచ్చినా అదే దారిలో వస్తుంది. సరైన ఛార్జర్ కొన్న రోజే సమస్య తీరింది.

ఉష్ణోగ్రత: తీసివేత, కలిపివేత

ఇంటెల్ కోర్ ప్రాసెసర్‌లోని సెన్సర్ 'ఇప్పుడు 62 డిగ్రీలు' అని చెప్పదు. గరిష్ఠ పరిమితికి ఇంకా ఎంత దూరం ఉందో చెబుతుంది. ఆ పరిమితిని టీజేమాక్స్ అంటారు, చాలా డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు అది 100 డిగ్రీలు. దూరం 38 అని వస్తే సాఫ్ట్‌వేర్ వందలో నుంచి తీసివేసి 62 అని రాస్తుంది. ఇప్పటి ప్రాసెసర్లలో టీజేమాక్స్ ఒక రిజిస్టర్‌లోనే దొరుకుతుంది. పాత కోర్ 2 ప్రాసెసర్లలో ఆ సౌకర్యం లేక సాఫ్ట్‌వేర్ రాసినవారు ఊహించవలసి వచ్చేది, అందుకే ఒకే కంప్యూటర్ మీద రెండు ప్రోగ్రాములు పదిహేను డిగ్రీల తేడాతో చెప్పేవి. ఇప్పటికీ కోర్ టెంప్, థ్రాటిల్‌స్టాప్‌లలో టీజేమాక్స్‌ను చేతితో మార్చే వీలుంది. కోర్లన్నీ ఒకే మోతాదులో ఎక్కువో తక్కువో చూపుతుంటే మొదట అనుమానించవలసినది అక్కడే. పైగా ఈ సెన్సర్లు పరిమితికి దగ్గరగా ఉన్నప్పుడు ఖచ్చితంగా ఉండేలా చేసినవి. ఖాళీగా ఉన్నప్పుడు ఒక కోర్ 34, పక్క కోర్ 40 చూపడం వాటి సహజ బలహీనత, కూలర్ లోపం అని తేల్చేయకూడదు.

ఏఎండీ కథ ఇందుకు తలకిందులు. 2017 లో వచ్చిన రైజెన్ 7 1700ఎక్స్, 1800ఎక్స్‌లు ఫ్యాన్లను నియంత్రించడానికి ఇచ్చే టీక్టీల్ అనే విలువలో అసలు ఉష్ణోగ్రతకు 20 డిగ్రీలు కలిపి ఉండేవి. 2700ఎక్స్‌లో 10, మొదటి తరం థ్రెడ్‌రిప్పర్‌లలో 27 కలిపేవారు. ఆ అదనం తీసేస్తే వచ్చే నిజమైన విలువ టీడై. ఇప్పటికీ సెకండ్‌హ్యాండ్‌లో 1800ఎక్స్ కొని, ఖాళీగా ఉన్నా 55 డిగ్రీలు చూపుతోందని థర్మల్ పేస్టు నాలుగుసార్లు మార్చేవారు ఉన్నారు. టీక్టీల్, టీడై అని రెండు వరుసలు ఉంటే టీడైని చూడాలి. ఒక్కటే ఉంటే సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి మళ్ళీ చూడాలి. 2022 లో వచ్చిన రైజెన్ 7000 వరుసలో ఎక్స్ రకాలు పూర్తి పని మీద 95 డిగ్రీలకు చేరడం మాత్రం రీడింగు దోషం కాదు, అంతవరకు వెళ్ళేలాగే వాటిని తయారుచేశారు.

రీడింగు తక్కువగా ఉందన్న అనుమానానికి మన వేసవి చక్కటి పరీక్ష పెడుతుంది. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది మధ్యాహ్నం వేళ 38 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. గాలితో చల్లబరిచే ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు, నీటి కూలరైనా అంతే. కాబట్టి ఆ గదిలో ప్రాసెసర్ 29 డిగ్రీలు అని కనిపిస్తే అది కూలర్ గొప్పతనం కాదు, అబద్ధం. పాత ఏఎండీ ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్లు ఇలా గది కంటే చల్లగా చూపడంలో పేరుపడ్డాయి. వాటి అంకె పని బరువు మీద ఉన్నప్పుడు మాత్రమే కాస్త పనికొస్తుంది.

ఇక పట్టికలో ఆక్స్‌టిన్, టీఎంపిన్ వంటి పేర్లతో 127 అనో, సున్నాకు బాగా కింద ఏదో అంకె అనో కదలకుండా ఉండే వరుసలు కనిపిస్తే, మదర్‌బోర్డు తయారీదారు ఏ సెన్సర్‌నూ తగిలించకుండా వదిలేసిన చిప్పు కాళ్ళవి. కుడి క్లిక్ చేసి వాటిని దాచేస్తే మనశ్శాంతి.

వోల్టేజీ, వాట్లు

వీఐడీ అన్నది ప్రాసెసర్ అడిగిన వోల్టేజీ. వీకోర్ అన్నది మదర్‌బోర్డు మీది చిప్పు కొలిచినది, అదీ చాలా బోర్డుల్లో సాకెట్ దగ్గర కొలిచినది. బోర్డు నుంచి ప్రాసెసర్ లోపలికి చేరేలోగా, బరువు మీద ఉన్నప్పుడు, వోల్టేజీ ఇంకొంత పడిపోతుంది. అందుకని వీఐడీ 1.30, వీకోర్ 1.22 అని ఉంటే ఏదో ఒకటి తప్పు అనుకోకూడదు, రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. బయోస్‌లో వోల్టేజీని చేతితో స్థిరంగా పెట్టినప్పుడు వీఐడీని పట్టించుకోవలసిన పనే లేదు. వోల్టేజీ నియంత్రణ చిప్పు తానే చెప్పే విలువ, వీఆర్ వీఅవుట్ అన్న పేరుతో కనిపించేది, మీ బోర్డులో ఉంటే మూడింటిలోనూ దాన్నే నమ్మండి.

వాట్లలో మోసం ఇంకాస్త లోతుగా ఉంటుంది. రైజెన్ తన విద్యుత్ వాడకాన్ని మదర్‌బోర్డు చెప్పే కరెంటు విలువను బట్టి లెక్కవేసుకుంటుంది. బోర్డు ఆ విలువను తక్కువ చేసి చెబితే ప్రాసెసర్ 'ఇంకా పరిమితి దాటలేదు' అనుకుని ఎక్కువ తాగుతుంది, తెర మీద మాత్రం బుద్ధిగా పరిమితిలోనే కనిపిస్తుంది. ఏఎం4 సాకెట్‌లో 105 వాట్ల ప్రాసెసర్‌కు ప్యాకేజీ పరిమితి 142 వాట్లు, 65 వాట్ల దానికి 88. బోర్డు ఇలా తక్కువ చేసి చెప్పడాన్ని పట్టుకోవడానికి 2020 జూన్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పవర్ రిపోర్టింగ్ డీవియేషన్ అనే వరుస చేర్చారు. సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితిలో ఉంచి, సినీబెంచ్ వంటి బెంచ్‌మార్క్‌తో పూర్తి బరువు నడుపుతూ చూస్తే అది నూరు శాతం దగ్గర ఉండాలి. బాగా తక్కువగా ఉంటే బోర్డు తక్కువ చేసి చెబుతోందని అర్థం. ఖాళీగా ఉన్నప్పుడు, ఓవర్‌క్లాక్ చేసినప్పుడు ఆ వరుసకు అర్థం లేదు.

సున్నా, ఖాళీ గడి, కదలని స్లైడర్

నిన్నటిదాకా కనిపించిన రీడింగులు ఇవాళ మొత్తంగా మాయమైతే సెన్సర్ చెడిపోయిందని కాదు, సాఫ్ట్‌వేర్‌కూ హార్డ్‌వేర్‌కూ మధ్య ఉన్న డ్రైవర్‌ను విండోస్ ఆపేసిందని అనుకోవాలి. చాలా ఉచిత ప్రోగ్రాములు విన్‌రింగ్0 అనే ఒకే పాత డ్రైవర్ మీద ఆధారపడ్డాయి. అందులోని భద్రతా లోపం 2020 నుంచే నమోదై ఉంది. 2025 మార్చిలో విండోస్ డిఫెండర్ దాన్ని ప్రమాదకరమైనదిగా గుర్తించి పక్కన పెట్టడం మొదలుపెట్టింది, ఫ్యాన్ కంట్రోల్, లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్ వంటివి వాడేవారికి ఒక్కసారిగా రీడింగులు పోయాయి. దీనికి డిఫెండర్‌లో మినహాయింపు ఇవ్వడం మందు కాదు. ఆ ప్రోగ్రాముల కొత్త వెర్షన్లు పాన్‌ఐఓ అనే వేరే డ్రైవర్‌కు మారాయి, వాటిని వేసుకోవాలి.

వోల్టేజీ 80 మిల్లీవోల్టులు తగ్గించి అప్లై నొక్కినా పట్టికలో సున్నా అనే ఉండిపోతే అది కూడా తప్పు రీడింగు కాదు. 2019 డిసెంబరులో, వోల్టేజీ తగ్గించి ప్రాసెసర్ దాచిన రహస్యాలను లాగే ప్లండర్‌వోల్ట్ అనే దాడి బయటపడ్డాక, సాఫ్ట్‌వేర్ ద్వారా వోల్టేజీ మార్చే దారిని ఎన్నో ల్యాప్‌టాప్‌ల బయోస్ అప్‌డేట్లు మూసేశాయి. స్లైడర్ కదులుతుంది, ఆజ్ఞ మాత్రం ప్రాసెసర్‌ను చేరదు. థ్రాటిల్‌స్టాప్‌లో వోల్టేజీ మార్చే ఎఫ్‌ఐవీఆర్ కిటికీ తెరిస్తే 'లాక్డ్' అని రాసి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని సాక్ష్యం

ఇంత చేసినా అనుమానం తీరకపోతే పని చేయించి చూడాలి. మల్టిప్లయర్ మార్చే వీలున్న ప్రాసెసర్ అయితే బయోస్‌లో అన్ని కోర్లకూ 30 పెట్టి సినీబెంచ్ సింగిల్ కోర్ స్కోరు రాసుకోవాలి, తర్వాత 40 పెట్టి మళ్ళీ తీయాలి. స్కోరు దాదాపు మూడో వంతు పెరగాలి. తెర మీద 4 గిగాహెర్ట్జ్ అని ఉండి స్కోరు పాతచోటే నిలిస్తే తెర మీది అంకె అబద్ధం. స్కోరు పెరిగి అంకె మాత్రం 3 దగ్గరే ఉండిపోతే సాఫ్ట్‌వేర్ కొత్త మల్టిప్లయర్‌ను చదవడం లేదు. వాట్ల విషయంలో గోడ ప్లగ్గుకూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టే చిన్న పవర్ మీటర్ ఈ సాక్షి పాత్ర పోషిస్తుంది: ఖాళీగా ఉన్నప్పుడు, పూర్తి బరువు మీద ఉన్నప్పుడు మీటర్ చూపే వాట్ల మధ్య తేడా ఎంతో చూసి, సాఫ్ట్‌వేర్ చూపిన తేడాతో పోల్చాలి. పవర్ సప్లై తనకోసం కొంత తినేస్తుంది గనుక మీటర్ తేడా కాస్త ఎక్కువ ఉండడం సబబే, రెట్టింపు ఉండడం సబబు కాదు.

తప్పు సాఫ్ట్‌వేర్‌దేనని ఇలా తేలితే ఆ ప్రోగ్రాము రాసినవారికి తెలియజేయడం మేలు. "రీడింగు తప్పు" అని ఒక వాక్యం రాస్తే వారు చేయగలిగింది ఏమీ లేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రారంభ కిటికీలోని సెట్టింగుల్లో డీబగ్ మోడ్ ఆన్ చేసి, తప్పు కనిపించేదాకా నడిపి, మూసేశాక తయారైన ఫైలును, మదర్‌బోర్డు మోడల్‌ను, బయోస్ వెర్షన్‌ను, మొదట్లో తీసిపెట్టుకున్న ఆ ఫొటోను జతచేసి పంపాలి. సరిదిద్దిన వెర్షన్ వచ్చేదాకా ఆ వరుసను ఆధారం చేసుకుని ఫ్యాన్ల వేగాన్ని గానీ, ఆటోమేటిక్‌గా ఆపేసే హెచ్చరికను గానీ పెట్టుకోకూడదు. అప్పటికే పెట్టి ఉంటే బయోస్ సొంత నియంత్రణకు మార్చేయాలి.